విశాఖలో చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్ పదేళ్లు నిలవాలంటే

హ్యుందాయ్ వెన్యూలో, కియా సోనెట్‌లో వచ్చే టర్బో పెట్రోల్ ఇంజన్ పరిమాణం 998 సీసీ. మూడు సిలిండర్లు, 120 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి. అదే కంపెనీ 1.2 లీటర్ల మామూలు ఇంజన్ ఇచ్చేది 83 పీఎస్. అంటే మామూలు ఇంజన్ లీటరుకి 69 పీఎస్ ఇస్తుంటే టర్బో ఇంజన్ 120 ఇస్తోంది. ఇంజన్ వదిలే పొగ (ఎగ్జాస్ట్) తోపుకి తిరుగుతూ గాలిని సిలిండర్లలోకి నొక్కి పంపే పంకా టర్బో. ఆ తేడా ఊరికే రాదు. సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, పిస్టన్ తల మీద వేడి పెరుగుతుంది, ఆయిల్ మీద పడే భారం అన్నిటికంటే ఎక్కువ పెరుగుతుంది. అందుకని ఈ ఇంజన్లు నాసిరకం అనుకోనక్కర్లేదు. ఆ భారానికి తగ్గట్టే కట్టారు వాటిని. కాకపోతే పాత మారుతి 800 మోసినట్టు మన అశ్రద్ధను మోయవు.

విశాఖలో తిరిగే బండికి మూడు కష్టాలు. ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్ దాకా, అక్కడి నుంచి జగదాంబ దాకా, నాలుగైదు కిలోమీటర్ల చిన్న చిన్న తిరుగుళ్లు మొదటిది. సెలవు రోజుల్లో సింహాచలం కొండో, అరకు ఘాటో ఎక్కించడం రెండోది. సముద్రపు ఉప్పుగాలి, పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఖనిజాల దుమ్ము మూడోది. కంపెనీ పుస్తకంలోని సర్వీసు గడువు సగటు వాడకాన్ని చూసి రాసింది. ఈ మూడూ కలిసిన వాడకాన్ని అదే పుస్తకం వెనక పేజీల్లో ‘కఠిన పరిస్థితులు’ అని విడిగా చెబుతుంది. ఆ పేజీ చాలామంది తిరగెయ్యరు. మన ఊరి బండి సర్వీసును మొదలుపెట్టాల్సింది ఆ పేజీ నుంచే.

ముందు మీ ఇంజన్ ఏ రకమో తెలుసుకోండి

టర్బో అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. తెలుసుకోవలసినవి రెండు. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుందా, వాల్వు వెనక గొట్టంలో చిమ్ముతుందా అన్నది మొదటిది. వెన్యూ, సోనెట్ 1.0, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌ల 1.0 టీఎస్‌ఐ, మారుతి ఫ్రాంక్స్ బూస్టర్‌జెట్ నేరుగా చిమ్మే రకం. టాటా నెక్సాన్ 1.2, నిస్సాన్ మాగ్నైట్ 1.0 గొట్టంలో చిమ్మే రకం. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓలో రెండు రకాలూ ఉన్నాయి. 110 పీఎస్‌ది గొట్టంలో చిమ్మేది, 130 పీఎస్‌ది నేరుగా చిమ్మేది. నేరుగా చిమ్మే ఇంజన్‌కి మైలేజీ, పికప్ బాగుంటాయి. బదులుగా వాల్వుల మీద మసి, ఆయిల్‌లో పెట్రోల్ కలవడం అనే రెండు తలనొప్పులు వస్తాయి.

రెండోది, క్రాంక్‌తో పాటు వాల్వులను సరైన వేళకి తెరిపించే టైమింగ్‌కి చైను ఉందా, బెల్టు ఉందా అన్నది. టీఎస్‌ఐలో ఉన్నది పొడి బెల్టు. పాత ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్‌లో బెల్టు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. ఈ తడి బెల్టు సంగతి వేరు. తప్పు రకం ఆయిల్ పోసినా, పెట్రోల్ కలిసిన ఆయిల్ ఎక్కువ రోజులు ఉంచినా బెల్టు రబ్బరు ఉబ్బి పొరలు పొరలుగా ఊడుతుంది. ఆ ముక్కలు ఛాంబర్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) ఆయిల్ జల్లెడకు అడ్డం పడతాయి, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, మొదట దెబ్బతినేది టర్బో. సెకండ్ హ్యాండ్ ఎకోబూస్ట్ కొన్నవారు బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం మీద ఆధారం దొరక్కపోతే మార్చలేదనే అనుకోవాలి. ఛాంబర్ విప్పించి జల్లెడ చూసుకోవడం ఆ బండికి చేయాల్సిన మొదటి పని.

ఆయిల్

టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. చిన్న బళ్లలో ఎక్కువవాటిలో దానికి బాల్ బేరింగు ఉండదు. ఆ ఇరుసు పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇరుసుకి ఒక కొసన ఎగ్జాస్ట్ వాయువు 900 డిగ్రీలు దాటే వేడితో కొడుతుంటుంది, రెండో కొసన చల్లగాలి. మధ్యలో ఉన్న ఆయిల్ పొర తెగితే క్షణాల్లో లోహానికి లోహం రాసుకుంటుంది. ఈ ఇంజన్ విషయంలో ఒక్క ఖర్చు మీదే పట్టుబట్టమంటే ఆయిల్ మీదే పట్టుబట్టాలి.

డబ్బా మీద మూడు విషయాలు చూడండి. గ్రేడు మాన్యువల్‌లో రాసిందే ఉండాలి. 0డబ్ల్యూ-20 అని రాసి ఉంటే ‘మన ఎండలకి చిక్కటి ఆయిల్ మంచిది’ అన్న మాట విని 20డబ్ల్యూ-50 పోయించకండి. సన్నటి ఆయిల్ దారుల్లో చిక్కటి ఆయిల్ చలి స్టార్టింగులో టర్బోని చేరడానికి ఆలస్యం అవుతుంది. మాన్యువల్ రెండు గ్రేడులు అనుమతిస్తే, విశాఖ వేడికీ ఘాటుకీ వాటిలో చిక్కటిది తీసుకోవడం సబబే. రెండోది ఏపీఐ గుర్తు, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నాణ్యత గుర్తు. 2018లో వచ్చిన ఎస్‌ఎన్ ప్లస్, 2020లో వచ్చిన ఎస్‌పీ చిన్న టర్బో ఇంజన్లను దృష్టిలో పెట్టుకుని తెచ్చిన ప్రమాణాలు. ఇప్పుడు ఎస్‌పీ కంటే తక్కువది కొనాల్సిన అవసరం లేదు. మూడోది, ఫోక్స్‌వ్యాగన్ లాంటి కంపెనీలు తమ సొంత ఆమోద సంఖ్య అడుగుతాయి. ఆ సంఖ్య డబ్బా వెనక అచ్చయి ఉండాలి, ‘సరిపోతుంది’ అని షాపువాడు చెప్పే మాట చాలదు. నకిలీ డబ్బాలు తిరుగుతున్నాయి కాబట్టి కంపెనీ డీలరు దగ్గరే బిల్లుతో కొనండి, సీలు మీ ఎదుటే తీయించండి, ఖాళీ డబ్బాకు కన్నం పొడిచి పారేయించండి.

గడువు సంగతి. కంపెనీని బట్టి 10,000 లేదా 15,000 కిలోమీటర్లు, లేదా ఏడాది అని ఉంటుంది. ఊళ్లోనే తిరిగే బండికి 7,500 కిలోమీటర్లు లేదా 8 నెలలు, ఏది ముందైతే అది అన్నది మా సలహా. వారంటీ ఉన్న బండి అయితే షోరూమ్ సర్వీసులు గడువు ప్రకారం చేయిస్తూ, మధ్యలో ఒక ఆయిల్, ఫిల్టరు మార్పిడి అదనంగా షోరూమ్‌లోనే చేయించి బిల్లు దాచుకోండి. చిన్న ఇంజన్లలో పట్టేది మూడున్నర నుంచి నాలుగున్నర లీటర్లే. ఆ ఖర్చు కొన్ని వేలు, టర్బో మార్చాల్సి వస్తే పదుల వేలు.

ఇంత తొందరగా మార్చడానికి అసలు కారణం పెట్రోల్ కలవడం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ చిమ్ముతుంది. నేరుగా చిమ్మే ఇంజన్‌లో అందులో కొంత సిలిండర్ గోడను తడిపి, పిస్టన్ రింగుల పక్క నుంచి ఛాంబర్‌లోకి జారుతుంది. బండి అరగంట బాగా నడిస్తే ఆయిల్ వేడెక్కి ఆ పెట్రోల్, తేమ ఆవిరైపోతాయి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి రైతుబజారుకి తిరిగే బండిలో ఆ వేడి రాదు. డాష్‌బోర్డు మీద కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చేసింది కదా అనుకోవచ్చు, కానీ ఆయిల్ వేడెక్కడానికి దానికంటే రెండు మూడు రెట్లు సమయం పడుతుంది. పెట్రోల్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగుల మీద నిలవదు.

దీన్ని పట్టుకోవడం ఇంట్లోనే చేసుకోవచ్చు. పదిహేను రోజులకోసారి బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, ఇంజన్ కట్టేసి పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయండి. గుడ్డతో తుడిచి మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. మట్టం కింది గీతకూ పై గీతకూ మధ్య, పై గీతకు దగ్గరగా ఉంటే మంచిది. చూసిన తేదీ, కిలోమీటర్లు, మట్టం ఫోన్‌లో రాసుకోండి. పోయకుండానే మట్టం పెరుగుతుంటే, వాసన చూస్తే పెట్రోల్ ఘాటు కొడుతుంటే, ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తోందన్న మాట. మట్టం పెరిగిందని సంతోషించే విషయం కాదు, వెంటనే ఆయిల్ మార్చాలి. ఆయిల్ మూత లోపలి వైపు మీగడలాంటి తెల్లటి పొర కనిపిస్తే అది తేమ. వానాకాలంలో కొద్దిగా ఉండి, అరగంట హైవే తిరుగుడుతో పోతే భయం లేదు. పోకపోతే, పైగా కూలెంట్ కూడా తగ్గుతుంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ తలకీ సిలిండర్లకీ మధ్య ఉండే సీలు) చూపించాలి.

చిన్న తిరుగుళ్ల బండికి మందు ఒకటే: వారానికోసారి అరగంట, నలభై నిమిషాలు ఆగకుండా నడపడం. హనుమంతవాక నుంచి మధురవాడ, ఆనందపురం మీదుగా తగరపువలస దాకా వెళ్లి వస్తే సరిపోతుంది.

మీరే మార్చుకునేవారికి, లేదా ఆటోనగర్‌లో పక్కన నిలబడి మార్పించుకునేవారికి క్రమం ఇది. ఇంజన్ గోరువెచ్చగా ఉండగా డ్రైన్ బోల్టు విప్పి కనీసం పదిహేను నిమిషాలు కారనివ్వాలి. బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. కొత్త ఫిల్టరు రబ్బరుకి ఆయిల్ రాసి, ఆనుకునేదాకా చేత్తో బిగించి, తర్వాత ముప్పావు చుట్టు తిప్పితే చాలు. కాగితపు ఫిల్టరు లోపల కూర్చునే రకమైతే మూత మీద రాసి ఉన్న టార్క్ దాటకూడదు, ప్లాస్టిక్ మూత పగులుతుంది. చెప్పిన కొలత కంటే 300 మిల్లీలీటర్లు తక్కువ పోసి, స్టార్ట్ చేసి ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలి. ఆ నిమిషంలో యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు అప్పటికి ఖాళీగా ఉంటుంది. కట్టేసి పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూసి కొద్దికొద్దిగా పోయాలి. పై గీత దాటించడం మంచితనం కాదు. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ ఆవిరి గొట్టం ద్వారా ఇంజన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి పోతుంది.

నడిపే పద్ధతి

పొద్దున స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి వేడి చేయనక్కర్లేదు, అది పెట్రోల్ కలవడాన్నే పెంచుతుంది. అరనిమిషం ఆగి బయల్దేరండి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు 2,500 ఆర్‌పీఎం దాటించకండి.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అలవాటు మరొకటి ఉంది. ఐదో గేరులో 1,300 ఆర్‌పీఎం దగ్గర బండి నీరసంగా వెళ్తుంటే గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం. మామూలు ఇంజన్ అప్పుడు గునిసి ఊరుకుంటుంది. టర్బో ఇంజన్ అక్కడే పూర్తి గాలిని నొక్కి పంపుతుంది. నెమ్మదిగా తిరిగే పిస్టన్ మీద అంత ఒత్తిడి పడినప్పుడు, రింగుల సందులో పోగైన ఆయిల్, పెట్రోల్ బొట్టు ప్లగ్ నిప్పు పుట్టకముందే మండిపోవచ్చు. నిప్పు పుట్టాక మిశ్రమం అదుపు తప్పి పేలే మామూలు నాకింగ్‌ను సెన్సర్ కనిపెట్టి నిప్పుని ఆలస్యం చేసి ఆపగలదు. ఇది నిప్పుకంటే ముందే జరిగేది కాబట్టి దాన్ని అలా ఆపడం కుదరదు. ఒకటి రెండు దెబ్బలకే పిస్టన్ మీద రింగు కూర్చునే గట్టు విరిగిన ఇంజన్లున్నాయి. ఆయిల్‌లోని కాల్షియం ఈ ముప్పును పెంచుతుందని తేలాకే కొత్త ఆయిళ్లలో దాన్ని కొంత తగ్గించి మెగ్నీషియం కలిపారు. ఎస్‌పీ ఆయిల్ కావాలనడానికి ముఖ్య కారణం ఇదే. మీరు చేయాల్సింది మాత్రం సులువు: 1,800 ఆర్‌పీఎం కింద ఉన్నప్పుడు గట్టిగా తొక్కాలనిపిస్తే ముందు గేరు తగ్గించండి. ఈ ఇంజన్ల బలమంతా 1,750 నుంచి 4,000 మధ్యలోనే ఉంది, గేరు తగ్గిస్తే మీకే హాయి.

అరకు ఘాటు ఈ పాఠానికి అసలు పరీక్ష. శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర కొండ మొదలయ్యాక రెండు, మూడు గేర్లలో 2,500 నుంచి 3,500 మధ్య నడపండి. ఆటోమేటిక్ అయితే ఎస్ లేదా మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. మామూలు డి మోడ్ మైలేజీ కోసం తొందరపడి పెద్ద గేరు వేస్తుంటుంది. ఎత్తు మీద వేడి ముల్లు మధ్య గీత దాటి కదిలితే ఏసీ కట్టేసి, వీలున్న మలుపులో పక్కకి ఆపి ఐడిల్‌లో ఉంచండి, ఫ్యాను తిరగనివ్వండి. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజన్ బ్రేకింగుతో దిగడం టర్బోకి హాని కాదు, బ్రేకులకు మేలు.

డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు పొడి క్లచ్‌తో వచ్చిన బళ్లకు ఒక్క మాట: ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిపించకండి, ముందు బండికి రెండు బండ్ల దూరం వచ్చాక ఒకేసారి కదలండి. పాకే ప్రతి అంగుళం క్లచ్‌ని కాలుస్తుంది.

ఇక ఆపడం. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఎక్కి ఎక్కి వచ్చి, ఫొటో తొందరలో టక్కున తాళం తిప్పేస్తే ఎర్రగా కాగిన టర్బో మధ్యలో ఆయిల్ నిలిచిపోతుంది. నిలిచిన ఆయిల్ మాడి నల్లటి గట్టి పొరగా మారుతుంది, కొన్నాళ్లకు సన్నటి ఆయిల్ దారి మూసుకుపోతుంది. ఘాటు ఎక్కాకా, హైవే మీద గంటలకొద్దీ వేగంగా వచ్చాకా నిమిషం ఐడిల్‌లో ఉంచి కట్టండి. ఊళ్లో మామూలు తిరుగుడికి ఈ నిమిషం అవసరం లేదు, చివరి కిలోమీటరు నెమ్మదిగా వస్తే అదే చాలు. చాలా ఇంజన్లలో కట్టాక కూడా కూలెంట్‌ని టర్బో చుట్టూ తిప్పే చిన్న కరెంటు పంపు ఉంటుంది, ఫ్యాను కూడా కాసేపు తిరగొచ్చు. అది లోపం కాదు, బ్యాటరీ తీయొద్దు. ఆటో స్టార్ట్-స్టాప్ ఉంటే హైవే నుంచి టోల్ గేటు దగ్గర ఆగేముందు దాన్ని ఆపేయండి, నాతవలస దగ్గర వరుసలో నిలబడగానే వేడి ఇంజన్ ఆగిపోవడం టర్బోకి మంచిది కాదు.

గాలి, ఉప్పు, నీళ్లు

ఎయిర్ ఫిల్టరు నుంచి తప్పించుకున్న ఇసుక రేణువు అంత వేగంగా తిరిగే అల్యూమినియం రెక్కల అంచులను అరగదీస్తుంది. గాజువాక, జ్ఞానాపురం, కంచరపాలెం వైపు రోజూ తిరిగే బండి ఫిల్టరు 5,000కి తీసి చూసి, 10,000కి మార్చండి. గాలి కొట్టి శుభ్రం చేస్తే లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టాలి. ఎక్కువైతే కాగితం చిరిగి కంటికి కనపడని కన్నాలు పడతాయి. ఫిల్టరు డబ్బా క్లిప్పులన్నీ పడ్డాయా, రబ్బరు అంచు మడత పడకుండా కూర్చుందా చూసుకోండి. కొత్త ఫిల్టరు వేసి ఒక క్లిప్పు వదిలేయడం సర్వీసు సెంటర్లలో ఎక్కువగా జరిగే పొరపాటు.

బీచ్ రోడ్డు మీద, భీమిలి వైపు ఇళ్లలో ఉండేవారి బళ్లకి ఉప్పు తుప్పు వేరే పని చేస్తుంది. టర్బో ఎక్కువ ఒత్తిడి చేయకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి మళ్లించే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు ఉంటుంది. దాని కడ్డీ, కీలు తుప్పు పట్టి బిగుసుకుంటే బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) తక్కువో ఎక్కువో అవుతుంది. వారానికోసారి హైవే నడక దీనికీ మందే, తలుపు పూర్తిగా తెరుచుకుని మూసుకుంటుంది. ముందు బంపరు వెనక ఉండే ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన వేడి గాలిని చల్లార్చేది), ఏసీ కండెన్సర్, రేడియేటర్ రెక్కలను మంచినీళ్లతో మెల్లగా కడిగించండి. ఇంజన్ గదిలోకి మాత్రం ప్రెషర్ వాటర్ కొట్టనివ్వొద్దు. ప్లగ్ గుంటల్లో నీళ్లు నిలిచి కాయిల్ పోతుంది.

వాన నీళ్లు నిలిచిన అండర్‌బ్రిడ్జి కింద చక్రం సగం మునిగేంత లోతు ఉంటే వెనక్కి తిప్పండి. చాలా బళ్లలో ఇంటర్‌కూలర్ కిందికి ఉంటుంది, దాని గొట్టాల బిగింపు వదులైనా నీళ్లు లాగేస్తుంది. నీళ్లలో ఆగిపోతే రెండోసారి స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోయించి బయటికి తెచ్చి, ప్లగ్గులన్నీ విప్పి, అప్పుడు తిప్పి నీళ్లు బయటికి చిమ్మించాలి.

ప్లగ్గులు, మసి, కూలెంట్

ఒత్తిడి ఎక్కువ ఉన్న గాలిలో నిప్పు దూకడం కష్టం, అందుకే టర్బో ప్లగ్గుల గ్యాపు తక్కువ, చాలా ఇంజన్లలో 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. అరిగి గ్యాపు పెరిగితే ఐడిల్‌లో బాగానే ఉండి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తొక్కగానే జర్కు ఇస్తుంది. కంపెనీ 60,000 అని రాసినా 40,000కి మార్చడం కాయిళ్లను కాపాడుతుంది. సరైన నంబరు ఇరిడియం ప్లగ్గే వేయాలి, చల్లటి ఇంజన్ మీద, టార్క్ రెంచితో.

నేరుగా చిమ్మే ఇంజన్‌లో వాల్వుల వెనక్కి పెట్రోల్ తగలదు. ఛాంబర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ పడి మాడి మసిగా పేరుకుంటుంది. 70, 80 వేలు దాటాక ఐడిల్‌లో వణుకు, చలి స్టార్టింగులో మిస్‌ఫైర్ వస్తే, ప్లగ్గులు, కాయిళ్లు బాగున్నాయని తేలాకే, ఇన్‌టేక్ విప్పి చిన్న కెమెరాతో చూడమనండి. ట్యాంకులో పోసే మందు ఇంజెక్టర్లను శుభ్రం చేస్తుంది కానీ ఆ వాల్వులను చేరదు. వాటికి సరైన పద్ధతి అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టడం. ఆ సమయంలో ఆ సిలిండర్ వాల్వులు మూసి ఉండాలి, లేకపోతే పొడి లోపలికి పోతుంది.

కూలెంట్ తగ్గడం ఈ ఇంజన్లలో చిన్న విషయం కాదు. సీసాలో మట్టం ఆర్నెల్లలో కొద్దిగా తగ్గితే సరే. నెలనెలా పోయాల్సి వస్తుంటే కారణం వెతికేదాకా దూర ప్రయాణం వద్దు. కుళాయి నీళ్లు పోయకండి, మాన్యువల్ చెప్పిన రంగూ రకమూ ఉన్నదే పోయండి.

పికప్ తగ్గితే ముందు ఏం చూడాలి

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి0299 అనే కోడ్ వచ్చిందంటే బూస్ట్ సరిపోవట్లేదని అర్థం. టర్బో పోయిందని అర్థం కాదు. వరుస ఇలా ఉండాలి. మొదట టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి థ్రాటిల్‌కి వెళ్లే గొట్టాలు. క్లాంపు వదులైనా, గొట్టం అడుగున చీలినా తొక్కినప్పుడు ‘సుస్సు’ అని చప్పుడు, పికప్ లేకపోవడం. గొట్టంలోకి తక్కువ ఒత్తిడితో గాలి నింపి సబ్బు నీళ్లు రాస్తే బుడగలు చెబుతాయి. గొట్టంలో పలచటి ఆయిల్ తడి సహజం. ఇంటర్‌కూలర్ వంచితే ధారగా కారితే సహజం కాదు. తర్వాత వేస్ట్‌గేట్ కడ్డీ స్వేచ్ఛగా కదులుతుందా, దాని మోటారుకి కరెంటు వస్తోందా. ఆ తర్వాత బూస్ట్ సెన్సర్. టర్బో వంతు ఆఖరికి.

సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే కూడా తొందరపడొద్దు. ఛాంబర్ ఆవిరిని బయటికి పంపే పీసీవీ వాల్వు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. టర్బో నుంచి ఆయిల్ ఛాంబర్‌లోకి తన బరువుతోనే దిగాలి, ఒత్తిడి ఎదురైతే దిగలేక సీళ్ల పక్కగా కారుతుంది. అలా మంచి టర్బోని విప్పి పారేసినవారున్నారు. పీసీవీ, ఆయిల్ దిగే గొట్టం చూశాక, ఇంజన్ చల్లగా ఉండగా ఇన్‌టేక్ గొట్టం తీసి టర్బో చక్రాన్ని వేలితో కదిపి చూడండి. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, ఆయిల్ పొర లేనప్పుడు అంత సందు ఉంటుంది. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి తెలిసినా, రెక్క గోడకు తగిలిన గీత ఉన్నా, ఆ టర్బో అయిపోయినట్టే.

టర్బో మార్చాల్సి వస్తే

కొత్త టర్బో నెల తిరక్కుండా పోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదటిది ఎందుకు పోయిందో చూడకపోవడం. ఆటోనగర్‌లోనైనా షోరూమ్‌లోనైనా ఈ పనులన్నీ అడిగి చేయించండి.

1. ఛాంబర్ దించి ఆయిల్ జల్లెడ, అడుగున మడ్డి చూడాలి.
2. టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు, దాని బోలు బోల్టు కడగడం కాదు, కొత్తవి వేయాలి. లోపల మాడిన పొర కడిగితే పోదు. రాగి వాషర్లూ కొత్తవే.
3. ఆయిల్ దిగే గొట్టం పూర్తిగా ఖాళీగా ఉండాలి. గ్యాస్కెట్లకు సిలికాన్ పేస్టు రాయనివ్వొద్దు, ఊడిన ముక్క ఆయిల్ దారిని మూస్తుంది.
4. ఇంటర్‌కూలర్, గొట్టాలు విప్పి, విరిగిన రెక్కల ముక్కలు, ఆయిల్ లేకుండా శుభ్రం చేయాలి. ఒక్క ముక్క మిగిలినా ఇంజన్ లోపలికి పోతుంది.
5. కొత్త ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు వేయాలి.
6. బిగించే ముందు టర్బో ఆయిల్ కన్నంలో ఆయిల్ పోసి చేత్తో చక్రం తిప్పాలి. తర్వాత పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, పది సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు స్టార్టర్ తిప్పి ఆయిల్ ప్రెషర్ తెప్పించాలి.
7. స్టార్ట్ అయ్యాక ఐదు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి లీకులు చూడాలి. మొదటి 100 కిలోమీటర్లు 2,500 ఆర్‌పీఎం దాటకుండా నడిపి, 1,000 కిలోమీటర్లకు ఆయిల్ మళ్లీ మార్చాలి.

కోర్ (ఇరుసు, చక్రాలు ఉండే టర్బో మధ్య భాగం) ఒక్కటే మార్చి బాగుచేయించడం చవక. అది యంత్రం మీద బ్యాలెన్స్ చేసి ఇచ్చిన కాగితం ఉంటేనే ఒప్పుకోండి. వేస్ట్‌గేట్‌కి కరెంటు మోటారు ఉన్న బండిలో, బిగించాక స్కానర్‌తో దాని హద్దులు మళ్లీ నేర్పించాలి. లేకపోతే కొత్త టర్బో కూడా పాత లోపమే చూపిస్తుంది.

శక్తి పెంచుతామని కంప్యూటర్ ట్యూనింగ్ చేసేవారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటే లీటరుకి 115, 120 పీఎస్ ఇస్తున్న ఇంజన్ అది. ఎక్కువకాలం ఉంచుకోవాలనుకున్న బండికి ఆ పని చేయించకండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు

బండి చూడ్డానికి వస్తున్నానని చెప్పి, ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే కోరండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. స్టార్ట్ చేసిన మొదటి పది సెకన్లు చెవి పెట్టి వినండి. చైను గలగల, టర్బో దగ్గర లోహపు గిలకరింపు ఉంటే గుర్తుపెట్టుకోండి. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేస్ చేయించి వెనక నిలబడి చూడండి, నీలిపొగ ముద్దగా వస్తే టర్బో సీళ్లో వాల్వు సీళ్లో పోతున్నాయి. సర్వీసు బిల్లుల్లో చూడాల్సింది మొత్తం కాదు, ఆయిల్ గ్రేడు, తేదీల మధ్య ఎడం. రెండేళ్లలో 8,000 కిలోమీటర్లు తిరిగి ఒకే ఒక్క ఆయిల్ మార్పు ఉన్న ‘తక్కువ తిరిగిన’ బండి కంటే, హైవే మీద 70,000 తిరిగి ప్రతి గడువుకీ బిల్లు ఉన్న బండి ఇంజన్ బాగుండే అవకాశం ఎక్కువ.

స్కానర్ పెట్టించి పాత కోడ్‌లు చూడండి. అన్నీ నిన్ననే తుడిచేసినట్టు ఉంటే, అంటే ఎమిషన్ పరీక్షలు పూర్తి కాలేదని చూపిస్తుంటే, మరో రెండు రోజులు నడిపాక చూస్తానని చెప్పండి. తర్వాత సింహాచలం ఘాటు ఎక్కించండి. మూడో గేరులో 2,000 నుంచి పూర్తిగా తొక్కితే జర్కు లేకుండా, ఒకే ఊపులో 4,000 దాకా లాగాలి. దిగి వచ్చాక కూలెంట్ సీసా, గొట్టాల కీళ్లు, టర్బో కింద తడి చూడండి. ధర కుదిరేలా ఉంటే ప్లగ్గులు విప్పించి కంప్రెషన్ కొలిపించండి. మూడు సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం దాటితే ఇంజన్ బోర్‌కి దగ్గరపడిందనో, రింగు గట్టు విరిగిందనో అనుకుని ఆ బండి వదిలేయండి. కొన్న బండికైతే ఇంటికి తెచ్చిన వారంలోనే ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్చి, ఆ రోజు మీటరు అంకె రాసి పెట్టుకోండి. ఇకపై గడువులన్నీ ఆ అంకె నుంచే లెక్కపెట్టాలి.